రెండో ఓటమి దాకా: అమెరికా కాలేజీ బేస్‌బాల్ జాతీయ టోర్నీ లోపలి లెక్క

2025 మే నెలాఖరున అమెరికా కాలేజీ బేస్‌బాల్ జాతీయ టోర్నీ మొదలైనప్పుడు ఒకటో సీడ్, అంటే బలాన్నిబట్టి జట్లకు ఇచ్చే వరుసలో మొదటి స్థానం, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానిది. సొంత ఊరు నాష్‌విల్‌లో, సొంత ప్రేక్షకుల మధ్య ఆడిన ఆ జట్టు మొదటి వారాంతం ముగిసేలోపే టోర్నీకి దూరమైంది. ముందు లూయివిల్ చేతిలో ఓడింది, ఆ వెంటనే ఒహాయో రాష్ట్రానికి చెందిన రైట్ స్టేట్ అనే చిన్న జట్టు చేతిలో ఓడింది. అదే వారాంతంలో లూసియానా రాష్ట్రంలోని బాటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) జట్టుకు కూడా అలాంటి దెబ్బే తగిలింది. సీజన్ మొత్తంలో గెలిచిన ఆటల కన్నా ఓడిన ఆటలే ఎక్కువగా ఉన్న లిటిల్ రాక్ జట్టు దానిని 10–4తో ఓడించింది. అయితే ఎల్‌ఎస్‌యూ మర్నాడు మళ్లీ అదే జట్టుతో ఆడి 10–6తో గెలిచింది. మూడు వారాల తరువాత జాతీయ విజేత కూడా అదే.

రెండు జట్లూ తమకన్నా బలహీనమైన జట్టు చేతిలోనే ఓడాయి. తేడా అంతా అది ఎన్నో ఓటమి అన్నదగ్గర ఉంది. రైట్ స్టేట్‌తో ఆటకు దిగేసరికి వాండర్‌బిల్ట్ ఖాతాలో అప్పటికే ఒక ఓటమి ఉంది, ఎల్‌ఎస్‌యూ ఖాతాలో లేదు. టెక్సాస్, జార్జియా, నార్త్ కరోలినా వంటి రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు జూన్ నెల వస్తే రీజినల్, సూపర్ రీజినల్, ఓమాహా అన్న మాటలు చెవిన పడుతూనే ఉంటాయి. తెలియనివారికి అది ఒక పెద్ద చిక్కుముడి. నా ఉద్దేశంలో ఆ ముడి అంతా ఒకే ప్రశ్న చుట్టూ పడింది: ఎంత గొప్ప జట్టయినా తరచుగా ఓడిపోయే ఈ ఆటలో, కుర్రవాళ్ల భుజాలు అరిగిపోకుండా, మూడు నాలుగు వారాల్లో విజేతను తేల్చడం ఎలా? ప్రశ్నలోని మొదటి సగానికి ఈ టోర్నీ చక్కని జవాబు కనిపెట్టింది. రెండో సగానికి ఇంకా కనిపెట్టలేదు.

ముందు టోర్నీ స్వరూపం చూద్దాం. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ప్రధాన సంస్థ ఎన్‌సీఏఏ. దాని పై శ్రేణి అయిన డివిజన్ 1లో సుమారు 300 విశ్వవిద్యాలయాలకు బేస్‌బాల్ జట్లు ఉన్నాయి. ఫిబ్రవరి నడుమ సీజన్ మొదలవుతుంది, ఒక్కో జట్టు గరిష్ఠంగా 56 సాధారణ ఆటలు ఆడుతుంది. మే చివరికి వాటిలో 64 జట్లను ఎంపిక చేసి, నాలుగేసి జట్ల చొప్పున 16 ఊళ్లకు పంపుతారు. ఆ దశ పేరు రీజినల్. అక్కడ గెలిచిన 16 జట్లు రెండేసి చొప్పున సూపర్ రీజినల్‌లో తలపడతాయి. మిగిలిన ఎనిమిది జట్లు నెబ్రాస్కా రాష్ట్రంలోని ఓమాహా నగరానికి వెళ్లి, కాలేజ్ వరల్డ్ సిరీస్ అనే చివరి అంకం ఆడతాయి. దిగువ శ్రేణులకూ, రెండేళ్ల జూనియర్ కాలేజీలకూ వేరే జాతీయ టోర్నీలు ఉన్నాయి. జూనియర్ కాలేజీల పోటీ కొలరాడోలోని గ్రాండ్ జంక్షన్‌లో జరుగుతుంది. ఈ వ్యాసం మాత్రం ఓమాహాకు దారితీసే టోర్నీ గురించి.

ఒక్క ఆట ఓడితే ఇంటికి పంపే మామూలు నాకౌట్ పద్ధతి ఇక్కడ ఎందుకు పనికిరాదో అర్థం కావాలంటే బేస్‌బాల్ స్వభావం తెలియాలి. అమెరికా వృత్తి బేస్‌బాల్‌లో జట్టు ఏడాదికి 162 ఆటలు ఆడుతుంది, అందులో 100 గెలిస్తే దానిని గొప్ప సంవత్సరంగా చెప్పుకుంటారు. అంటే గొప్ప సంవత్సరంలో కూడా 62 ఓటములు ఉంటాయి. గుండ్రటి బ్యాట్‌కు గుండ్రటి బంతి ఒక వెంట్రుకవాసి పైన తగిలితే గోడ దాటి హోమ్ రన్ కావచ్చు, ఆ వాసి కింద తగిలితే ఫీల్డర్ చేతిలో పడవచ్చు. పైగా ఆ రోజు బంతి విసిరే పిచర్ ఎవరన్నదాన్నిబట్టి అదే జట్టు బలం సగానికి సగం మారిపోతుంది. ఒక లెక్క వేసి చూడండి. ప్రతి ఆటలోనూ గెలిచే అవకాశం నూటికి 60 ఉన్న జట్టు, 64 జట్ల నాకౌట్‌లో విజేత కావాలంటే వరుసగా ఆరు ఆటలు గెలవాలి. ఆ అవకాశం నూటికి అయిదు కూడా ఉండదు. అదే జట్టుకు మూడు ఆటల సిరీస్ ఇస్తే, అందులో రెండు గెలిచే అవకాశం దాదాపు నూటికి 65. అవకాశాలు పెంచినకొద్దీ అదృష్టం పాలు కొంచెం తగ్గుతుంది. అంతకన్నా పెద్ద ఆశ పెట్టుకోవడానికి లేదు.

అందుకే రీజినల్‌లో రెండు ఓటముల పద్ధతి పెట్టారు. ఒకసారి ఓడిన జట్టు లూజర్స్ బ్రాకెట్ అనే పక్కదారిలోకి వెళుతుంది, రెండోసారి ఓడితే సెలవు. నాలుగు జట్లకు ఎన్ని ఆటలు అవసరమో పట్టిక గీయకుండానే చెప్పవచ్చు. ముగ్గురు బయటికి పోవాలి, ఒక్కొక్కరికి రెండేసి ఓటములు కావాలి, కాబట్టి కనీసం ఆరు ఆటలు. చివరికి గెలిచిన జట్టు కూడా ఒకసారి ఓడి ఉంటే ఏడు. ఇదే లెక్కను మొత్తం టోర్నీకి సాగిస్తే, మొదటి శుక్రవారం నుంచి ఓమాహాలో ఆఖరి ఆట దాకా తక్కువలో తక్కువ 126, ఎక్కువలో ఎక్కువ 153 ఆటలు జరుగుతాయి.

కాగితం మీద రెండో అవకాశం అందరికీ సమానమే. మైదానంలో మాత్రం ఆ అవకాశానికి చాలా ఖరీదు ఉంది. రీజినల్ శుక్రవారం మొదలై ఆదివారంతోగాని, ఏడో ఆట అవసరమైతే సోమవారంతోగాని ముగుస్తుంది. ఓటమి లేకుండా వెళ్లే జట్టు మూడు ఆటలతో పని ముగించుకుంటుంది. మొదటి ఆటే ఓడిన జట్టు ఆ తరువాత వరుసగా నాలుగు గెలవాలి, అందులో రెండు ఆదివారం ఒక్కరోజే ఆడవలసి వస్తుంది. నాలుగు రోజుల్లో అయిదు ఆటలు! బ్యాటర్లకు అది అలసట మాత్రమే. పిచర్ల విషయం వేరు. ప్రారంభ పిచర్ ఒక ఆటలో సుమారు వంద బంతులు శక్తికొద్దీ విసిరాక, మళ్లీ అదే బలంతో విసరడానికి దాదాపు వారం పడుతుంది. కాలేజీ సీజన్ కూడా అందుకు తగ్గట్టే శుక్ర, శని, ఆదివారాల మూడు ఆటల సిరీస్‌లుగా నడుస్తుంది. ‘శుక్రవారం పిచర్’ అంటే ఆ జట్టులో అందరికన్నా మేటి అని అర్థం. ముగ్గురు మంచి ప్రారంభ పిచర్లు ఉన్న జట్టే గొప్ప జట్టు. నాలుగో ఆటకు, అయిదో ఆటకు నమ్మదగిన చెయ్యి ఉన్న జట్లు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే ఉంటాయి.

కోచ్‌ల అసలు పరీక్ష కూడా ఇక్కడే. రీజినల్‌లోని నాలుగు జట్లకూ విడిగా ఒకటి నుంచి నాలుగు దాకా సీడ్లు ఉంటాయి, ఒకటో సీడ్ మొదట నాలుగో సీడ్‌తో ఆడుతుంది. బలహీనమైన జట్టే కదా అని మేటి పిచర్‌ను శనివారానికి దాచి, శుక్రవారం రెండో పిచర్‌తో నెట్టుకొద్దామా? శనివారం గెలిస్తే సగం పని అయినట్టే. శుక్రవారం తలకిందులైతే మాత్రం దాచిన పిచర్‌ను లూజర్స్ బ్రాకెట్‌లో ఖర్చు చేయాలి, అక్కడి నుంచి ప్రతి ఆటా చావోరేవో. నాలుగో సీడ్ మీద చిన్నచూపు తగదని చెప్పడానికి 2008 ఒక్కటి చాలు. కాలిఫోర్నియాకు చెందిన ఫ్రెస్నో స్టేట్ రీజినల్‌లో నాలుగో సీడ్‌గా అడుగుపెట్టి, ఏకంగా జాతీయ విజేత అయింది. సీజన్ ముగిసేసరికి దాని లెక్క 47 గెలుపులు, 31 ఓటములు. ఫైనల్లో జార్జియా చేతిలో మొదటి ఆట 7–6తో ఓడి, రెండోది 19–10తో, మూడోది 6–1తో గెలిచింది. ఆ ఆఖరి ఆటలో రెండు హోమ్ రన్లు కొట్టి జట్టు ఆరు పరుగులకూ కారణమైన స్టీవ్ డెట్‌వైలర్, బొటనవేలి స్నాయువు తెగి ఉండగానే ఆడాడు.

సూపర్ రీజినల్ దశ 1999లో, జట్ల సంఖ్యను 48 నుంచి 64కు పెంచినప్పుడు వచ్చింది. మూడు ఆటల్లో రెండు గెలవాలి, అంతే. చిక్కు లేని దశ కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒక్క ఆటను మాత్రం వదలలేను. డ్యూక్ చేతిలో మొదటి ఆట ఓడిన వాండర్‌బిల్ట్, రెండోది ఓడితే ఇంటికే అన్న స్థితిలో 2019 జూన్ 8న మొదటి సంవత్సరం విద్యార్థి కుమార్ రాకర్‌కు బంతి ఇచ్చింది. ఆటలోని తొమ్మిది ఇన్నింగ్స్‌లో అతడు ఒక్క హిట్ కూడా, అంటే బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరే అవకాశం, ఇవ్వలేదు, 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతి విసిరే అవుట్ చేశాడు. సూపర్ రీజినల్ చరిత్రలో అదే మొదటి నో-హిటర్. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, తల్లి భారత సంతతికి చెందినవారు. ఆ పేరు ఎక్కడిదా అని ఆ రాత్రి అమెరికా అంతటా వెతికినవారిలో మనవాళ్లూ తప్పక ఉండి ఉంటారు. ఆ ఏడాది వాండర్‌బిల్ట్ జాతీయ విజేత, ఓమాహాలో అత్యుత్తమ ఆటగాడు కుమార్ రాకర్.

ఇంతకీ ఆ 64 జట్లను ఎవరు, ఎలా ఎంచుతారు? ప్రాంతాల వారీగా, సంప్రదాయాల వారీగా ఏర్పడిన విశ్వవిద్యాలయాల కూటములను కాన్ఫరెన్స్‌లు అంటారు. ఒక్కో కాన్ఫరెన్స్ విజేతకు నేరుగా చోటు దక్కుతుంది. 2025లో అలాంటి చోట్లు 29. మిగిలిన 35 చోట్లనూ ఒక ఎంపిక సంఘం నింపింది. ఏటా వాదోపవాదాలు పుట్టేది ఈ రెండో భాగం నుంచే. సంఘం ముందున్న సాధనాల్లో పాతది, ఇప్పటికీ బరువైనది ఆర్‌పీఐ అనే సూచీ. దానిలో 25 శాతం మాత్రమే జట్టు సొంత గెలుపుల శాతం. 50 శాతం ఆ జట్టు ఎదుర్కొన్న ప్రత్యర్థుల గెలుపుల శాతం, మిగిలిన 25 శాతం ఆ ప్రత్యర్థుల ప్రత్యర్థుల గెలుపుల శాతం. అంటే జట్టు విలువలో ముప్పాతిక వంతు అది ఎంత గెలిచిందన్నదాని మీద కాక, ఎవరితో ఆడిందన్నదాని మీద నిలుస్తుంది. బలమైన కాన్ఫరెన్స్‌లో పుట్టిన జట్టు ఓడినా దాని సూచీ పెద్దగా పడదు. చిన్న కాన్ఫరెన్స్‌లోని జట్టు ఎంత గెలిచినా ఒక మెట్టు దగ్గర ఆగిపోతుంది. ఇది న్యాయమని నేను అనలేను. అయితే 300 జట్లు ఒకదానితో ఒకటి ఆడే వీలు లేనప్పుడు, ఏదో ఒక పరోక్షపు కొలత తప్పదు.

బేస్‌బాల్‌కు వాడే ఈ సూచీలో ఒక సవరణ 2013లో వచ్చింది. సొంత మైదానంలో గెలుపును 0.7గా, బయటి మైదానంలో గెలుపును 1.3గా లెక్కిస్తారు. ఓటమికి తిరగేసి, ఇంట్లో ఓడితే 1.3, బయట ఓడితే 0.7. దీని వెనుక ఉన్నది వాతావరణం. ఫిబ్రవరిలో మిషిగన్, మిన్నెసోటా మైదానాల మీద మంచు పేరుకుని ఉంటుంది. ఉత్తరాది జట్లు తొలి వారాలన్నీ బస్సుల్లో, విమానాల్లో దక్షిణాదికి వచ్చి ఆడవలసిందే. లూసియానా, టెక్సాస్, ఫ్లోరిడా జట్లు అదే సమయంలో సొంత ఇంట్లో, సొంత ప్రేక్షకుల మధ్య గెలుపులు పోగుచేసుకుంటాయి. సవరణ ఆ అసమానతను కొంత తగ్గించింది, పోగొట్టలేదు. 2018లో జాతీయ స్థాయి సీడ్లను 16 జట్లకు పెంచారు. అంతకు ముందు ఎనిమిదింటికే ఉండేది. రీజినల్ ఆతిథ్యం సాధారణంగా ఆ పదహారు జట్లకే దక్కుతుంది. వాటిలో ఎక్కువ భాగం వెచ్చని రాష్ట్రాలవే కాబట్టి, మే చివరికి మంచు కరిగి ఎండ కాసే ఉత్తరాదిలో పెద్ద ఆటలు జరగడం అరుదు.

ఆగ్నేయ రాష్ట్రాల కూటమి అయిన ఎస్‌ఈసీ ఈ ఏర్పాటులో అందరికన్నా ఎక్కువ లాభపడింది. 2025లో దాని 16 జట్లలో 13 టోర్నీకి వచ్చాయి. 2019 నుంచి 2025 వరకు, కోవిడ్ వల్ల టోర్నీ రద్దయిన 2020ని పక్కనపెడితే, విజేతలందరూ ఆ కూటమి వారే. అంతమందికి చోటు ఎందుకని అడిగేవారికి 2022 నాటి ఓలె మిస్ (మిసిసిపీ విశ్వవిద్యాలయం) కథ జవాబుగా చెబుతారు. ఆ జట్టు ఒక దశలో కాన్ఫరెన్స్ ఆటల్లో 7 గెలిచి 14 ఓడింది. ఎంపిక సంఘం జాబితాలో ఆఖరి చోటు దానికి దక్కింది. వచ్చాక టోర్నీలో పది గెలిచి, ఒక్కటే ఓడి, విజేత అయింది. ఎంపిక సంఘం తీర్పు సరైనదని దీనితో రుజువయిందని కొందరంటారు. నాకు అనిపించేది వేరు. అరవై అయిదో జట్టుగా బయట మిగిలిపోయిన వారికి కూడా అంతటి సత్తా ఉండి ఉండవచ్చునని ఈ కథ చెబుతోంది.

సీడ్ల సంగతి కూడా ఇంతే. 1999లో ఒకటో సీడ్‌గా వచ్చిన మయామీ విజేత అయింది. ఆ తరువాత ఒకటో సీడ్ మళ్లీ గెలవడానికి పాతికేళ్లు పట్టింది. 2024లో 60 గెలుపులు, 13 ఓటములతో సీజన్ ముగించిన టెన్నెసీ ఆ ముచ్చట తీర్చుకుంది. మర్నాటి ఏడాది వాండర్‌బిల్ట్‌కు ఏమయిందో మొదట్లోనే చూశాం. రెండో సీడ్ టెక్సాస్ కూడా ఆ వారాంతంలోనే సొంత ఊరు ఆస్టిన్‌లో యూటీఎస్‌ఏ (శాన్ ఆంటోనియోలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం) చేతిలో ఓడి ఇంటిముఖం పట్టింది.

ఇక ఓమాహా. ఈ టోర్నీ అక్కడ పుట్టలేదు. 1947లో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో మొదటి పోటీ జరిగింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం యేల్‌ను ఓడించింది. మరుసటి ఏడాది కూడా యేల్ ఫైనల్‌కు వచ్చి, ఈసారి యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) చేతిలో ఓడింది. ఆ రెండేళ్లూ యేల్ జట్టులో ఫస్ట్ బేస్ దగ్గర నిలబడిన యువకుడు జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్, తరువాతి కాలపు అమెరికా అధ్యక్షుడు. 1949లో పోటీ విచిటాకు మారింది, 1950లో ఓమాహాకు వచ్చి అక్కడే స్థిరపడింది. 2010 వరకు రోజెన్‌బ్లాట్ స్టేడియంలో జరిగింది, 2011 నుంచి నగరం నడిబొడ్డున కట్టిన కొత్త స్టేడియంలో జరుగుతోంది. పెద్ద వృత్తి జట్టు ఒక్కటీ లేని మధ్యస్థ నగరం, ఏ జట్టుకూ సొంతం కాని మైదానం, అయినా ప్రతి ఆటకూ నిండిపోయే గ్యాలరీలు. ఊరివాళ్లు జూన్ నెలలో ఏదో ఒక జట్టును దత్తత తీసుకుంటారు, ఎక్కువగా చిన్న జట్టునే. ఆటగాళ్లు సీజన్ మొదట్లోనే ‘ఓమాహా’ అన్న ఒక్క మాటను లక్ష్యంగా చెప్పుకుంటారు. కప్పు సంగతి ఆ తరువాతే.

ఓమాహాలో ఎనిమిది జట్లను నాలుగేసి చొప్పున రెండు భాగాలు చేస్తారు. ఒక్కో భాగంలో మళ్లీ రెండు ఓటముల పద్ధతే. రెండు భాగాల విజేతలు ఫైనల్‌లో కలుస్తారు. ఈ ఫైనల్ రూపం కాలంతో మారుతూ వచ్చింది. తొలి దశాబ్దాల్లో ఎనిమిది జట్లూ ఒకే రెండు ఓటముల పట్టికలో ఆడేవి. 1988లో టెలివిజన్ ప్రసారానికి అనుకూలంగా ఒక్క ఆట ఫైనల్ వచ్చింది. 1996లో ఎల్‌ఎస్‌యూ ఆటగాడు వారెన్ మోరిస్ ఆ ఒక్క ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, మూడో అవుట్‌తో ముగియవలసిన ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యాక, ఆ సీజన్‌లో తన ఏకైక హోమ్ రన్ కొట్టి మయామీ చేతిలోని కప్పును 9–8తో లాగేసుకున్నాడు. కళ్లకు అంతకన్నా పండుగ లేదు. అయితే నెలరోజుల పోరాటాన్ని ఒక్క ఆటకు కుదించడం, రెండో అవకాశం అన్న మూలసూత్రానికి విరుద్ధం. 2003లో మూడు ఆటల ఫైనల్ తెచ్చి ఆ లోపం సరిదిద్దారు.

కొత్త పద్ధతిలోనూ ఒక విచిత్రం మిగిలింది. ప్రతి దశలోనూ ఖాతా చెరిపి కొత్తగా మొదలుపెడతారు. రీజినల్‌లో ఒకటి, సూపర్ రీజినల్‌లో ఒకటి, ఓమాహా భాగంలో ఒకటి, ఫైనల్‌లో ఒకటి, మొత్తం నాలుగు ఓటములతో కూడా జట్టు జాతీయ విజేత కావచ్చు. ఓటమే ఎరుగకుండా ఫైనల్‌కు వచ్చిన జట్టుకు అందుకు ఏ ప్రతిఫలమూ లేదు. 2025లో కోస్టల్ కరోలినాకు ఇదే అనుభవం. వరుసగా 26 ఆటలు గెలుస్తూ ఫైనల్‌కు వచ్చింది. మొదటి ఆటలో ఎల్‌ఎస్‌యూ పిచర్ కేడ్ ఆండర్సన్ తొమ్మిది ఇన్నింగ్స్ ఒక్కడే విసిరి 1–0తో గెలిపించాడు, రెండోది 5–3తో పోయింది. 26 గెలుపుల పరంపర రెండు ఓటములతో రెండో స్థానంగా మారింది.

ఫైనల్లో ఒక రోజుకూ మరో రోజుకూ ఎంత తేడా ఉంటుందో 2023 చూపించింది. ఎల్‌ఎస్‌యూ మొదటి ఆటను 11 ఇన్నింగ్స్‌లో 4–3తో గెలిచింది. రెండో ఆటలో ఫ్లోరిడా 24–4తో చితక్కొట్టింది. మూడో ఆటలో ఎల్‌ఎస్‌యూ 18–4తో గెలిచి కప్పు తీసుకుంది. అవే రెండు జట్లు, అదే మైదానం, మూడు రోజులు. పిచర్ల లోతు ఎందుకు కీలకమో కూడా ఆ సిరీసే చెబుతుంది. ఆ ఏటి ఓమాహా అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికై, తరువాత వృత్తి బేస్‌బాల్ ఎంపికలో దేశంలోనే మొదటివాడిగా నిలిచిన పాల్ స్కీన్స్, ఫైనల్‌లో ఒక్క బంతి కూడా విసరలేదు. అతడి భుజాన్ని ఓమాహా తొలి ఆటల్లోనే వాడేశారు. కప్పు గెలిచింది మిగతా పిచర్లతో.

2018 నాటి దృశ్యం ఒకటి చెప్పాలి. ఆర్కన్సా అప్పటిదాకా ఎన్నడూ కప్పు గెలవలేదు. ఆరెగన్ స్టేట్ మీద మొదటి ఆట గెలిచింది, రెండో ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 3–2 ఆధిక్యంలో ఉంది. ఇద్దరు అవుటయ్యారు. బ్యాటర్ కేడిన్ గ్రెనియర్ కొట్టిన బంతి ఫస్ట్ బేస్ వెనుక, ఫౌల్ గీత అవతల, ఆకాశంలోకి లేచింది. పట్టుకుంటే మూడో అవుట్, కప్పు. ఫస్ట్ బేస్ ఆటగాడు వెనక్కి, సెకండ్ బేస్ ఆటగాడు పక్కకు, రైట్ ఫీల్డర్ ముందుకు, ముగ్గురూ తలలెత్తి పరుగెత్తారు. బంతి ముగ్గురి నడుమ నేల మీద పడింది. ఫౌల్ కాబట్టి గ్రెనియర్ మళ్లీ బ్యాట్ పట్టాడు, సింగిల్ కొట్టి స్కోరు సమం చేశాడు. తరువాతి బ్యాటర్ ట్రెవర్ లార్నాక్ బంతిని గోడ దాటించాడు. 5–3. మర్నాడు ఆరెగన్ స్టేట్ కుర్ర పిచర్ కెవిన్ ఏబెల్ రెండే హిట్లు ఇచ్చి 5–0తో ఆట ముగించాడు. ఆర్కన్సాకు ఆ కప్పు 2025 వరకు కూడా అందలేదు.

ఆట వల్ల కాక, నిబంధన వల్ల పోయిన జట్టు కూడా ఒకటి ఉంది. 2021 జూన్‌లో ఎన్‌సీ స్టేట్ (నార్త్ కరోలినా స్టేట్) ఓమాహా ఫైనల్‌కు ఒక్క గెలుపు దూరంలో ఉండగా ఆటగాళ్లలో కోవిడ్ కేసులు బయటపడ్డాయి. 13 మందితోనే ఒక ఆట ఆడింది. ఆ అర్ధరాత్రి దాటాక ఆ జట్టును టోర్నీ నుంచి తొలగిస్తున్నట్టు ప్రకటించారు. జరగని ఆట ఫలితంగా వాండర్‌బిల్ట్ ఫైనల్‌కు వెళ్లింది. ఆరోగ్య నిబంధనను నేను తప్పుపట్టను. కానీ అందరికీ రెండో అవకాశం ఇవ్వడమే ప్రాణంగా పెట్టుకున్న టోర్నీలో, ఆ కుర్రవాళ్లు బ్యాట్ పట్టకుండానే సంచులు సర్దుకోవలసి రావడం ఇప్పటికీ మనసును మెలిపెడుతుంది.

పిచర్ల లోతు ఎలా వస్తుందన్నది డబ్బుతో ముడిపడిన విషయం. చాలాకాలం బేస్‌బాల్ జట్టుకు అనుమతించిన స్కాలర్‌షిప్‌లు 11.7 మాత్రమే. వాటిని గరిష్ఠంగా 27 మందికి ముక్కలు చేసి పంచేవారు. అంటే టీవీలో కనిపించే ఆటగాళ్లలో చాలామంది ఫీజులో కొంత భాగం తల్లిదండ్రులే కట్టుకున్నారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒక పెద్ద ఒప్పందంతో ఇది మారింది. అందులో చేరిన విశ్వవిద్యాలయాలు జట్టును 34 మందికి పరిమితం చేసుకోవాలి, కానీ ఆ 34 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. ఆటగాళ్ల కుటుంబాలకు ఇది ఎంతో మేలు. ఆ ఖర్చు భరించగల విశ్వవిద్యాలయాలు ఎన్ని అన్నదాన్నిబట్టి, నాలుగో పిచర్, అయిదో పిచర్ ఎవరి దగ్గర ఉంటారన్నది తేలుతుంది.

మొదట అడిగిన ప్రశ్నలో రెండో సగం ఇంకా మిగిలే ఉంది. అమెరికాలో పిల్లల లిటిల్ లీగ్‌లో పిచర్ రోజుకు ఎన్ని బంతులు విసరవచ్చో పరిమితి ఉంది. హైస్కూల్ స్థాయిలో 2017 నుంచి ప్రతి రాష్ట్రమూ అలాంటి పరిమితి పెట్టుకోవాలన్న నియమం వచ్చింది. కాలేజీ జాతీయ టోర్నీలో మాత్రం అటువంటి పరిమితి లేదు. బ్యాట్ ఏ ప్రమాణంలో ఉండాలో కొలిచే నిబంధనలు ఉన్నాయి, భుజం ఎంత భరించాలన్నది మాత్రం కోచ్ విచక్షణకు, కుర్రవాడి పట్టుదలకు వదిలేశారు. ఇరవై ఏళ్ల కుర్రవాడు, నిండిన స్టేడియం, ఎదురుగా కప్పు. ‘నీ చెయ్యి బాగుందా?’ అని కోచ్ అడిగితే అతడు లేదని ఎలా అంటాడు? 2018 ఫైనల్ ఆఖరి ఆటలో కెవిన్ ఏబెల్ విసిరిన బంతులు 129, అంతకు ముందు రాత్రి కూడా అతడు బంతి పట్టాడు. మరుసటి ఏడాది అతడి మోచేతి స్నాయువుకు శస్త్రచికిత్స జరిగింది. ఆ గాయానికి ఫలానా రాత్రే కారణమని ఎవరూ చెప్పలేరు. పరిమితి పెట్టడానికి అంతటి రుజువు అవసరం కూడా లేదని నా నమ్మకం. రెండు ఓటముల పద్ధతిలో ఆటలు పోగుపడేది వారాంతాల్లోనే కాబట్టి, కనీసం రీజినల్ నాలుగు రోజులకైనా ఒక పిచర్‌కు మొత్తం ఇన్ని బంతులేనని గీత గీయవచ్చు.

ఆ గీత లేకపోతే ఏమవుతుందో 2009 మే 30న ఆస్టిన్‌లో కనిపించింది. టెక్సాస్, బోస్టన్ కాలేజీ రీజినల్‌లో తమ తొలి ఆటలు గెలిచి ఎదురుపడ్డాయి. ఇక్కడ గెలిస్తే రీజినల్ సగం చేతికి వచ్చినట్టే, ఓడితే మర్నాడే ప్రాణాంతకమైన ఆట. తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలలేదు, పద్దెనిమిదిలోనూ తేలలేదు. ఏడో ఇన్నింగ్స్‌లో బంతి అందుకున్న టెక్సాస్ రిలీఫ్ పిచర్ (ఆట మధ్యలో దిగే పిచర్) ఆస్టిన్ వుడ్, అంతకు ముందు రోజు కూడా విసిరినవాడే, 13 ఇన్నింగ్స్ పాటు మైదానం వదలలేదు. అందులో మొదటి పన్నెండు ఇన్నింగ్స్ దాటేవరకు ప్రత్యర్థికి ఒక్క హిట్ దక్కలేదు. అతడు విసిరిన బంతులు 169. అవతలి వైపు మైక్ బెల్ఫియోరె 129 బంతులు విసిరి ఒక్క పరుగు ఇవ్వలేదు. స్టేడియంలో జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఏడు గంటల మూడు నిమిషాల తరువాత, 25వ ఇన్నింగ్స్‌లో టెక్సాస్ 3–2తో గెలిచింది. ఎన్‌సీఏఏ చరిత్రలో అంత పొడవైన ఆట మరొకటి లేదు. అర్ధరాత్రి దాటాక నిద్రకు వెళ్లిన బోస్టన్ కాలేజీ జట్టు, తెల్లవారాక పిచర్లు లేని జట్టుగా ఆర్మీ (అమెరికా సైనిక అకాడమీ) జట్టుతో ఆడి, రెండో ఓటమితో ఇంటికి వెళ్లింది. టెక్సాస్ ఓమాహా ఫైనల్ దాకా వెళ్లి, ఎల్‌ఎస్‌యూ చేతిలో మూడో ఆటలో ఓడింది. ఆస్టిన్ వుడ్ ఆ ఏడాదే వృత్తి బేస్‌బాల్‌కు ఎంపికయ్యాడు. అత్యున్నత వృత్తి శ్రేణి అయిన మేజర్ లీగ్ మైదానం మీద మాత్రం ఎప్పుడూ అడుగుపెట్టలేదు.